గుర్తొచ్చేదాకా

"ఈ సహోదరుడు బస్సు డ్రైవరు. బస్సు దిగితే సారా కొట్టుకు, సారా కొట్టు దిగితే ఇంటికి. ఇంటికెళ్ళి ఏం చేసేవాడు? భార్యను కొట్టేవాడు. కొట్టి కొట్టి ఒకరోజు ఆ తల్లి ముందుపళ్ళు రెండూ రాలగొట్టాడు! ఈ మాట నాకెవరు చెప్పారు? ఆసుపత్రి మంచం మీద, నా చెయ్యి పట్టుకుని, ఆయనే చెప్పాడు!"

పాస్టరు గారు మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. హాలు నిండా జనం. ఒకరి వెంట ఒకరు తలలు తిప్పి ముందు వరసలో గోడపక్క కుర్చీలోకి చూడటం మొదలుపెట్టారు.

ఆ కుర్చీలో కూర్చున్న ముసలావిడ చెయ్యి మెల్లగా పైకి లేచి నోటిమీద ఆగింది.

ఆవిడ పక్కనే కూతురు కూర్చుని ఉంది. నలభై రెండేళ్ళొచ్చినా ఇంట్లో ఆమెను పెద్దపాప అనే పిలుస్తారు. పెద్దపాప పాస్టరు గారిని చూడలేదు. అమ్మ చేతినే చూసింది. ఇరవై ఆరేళ్ళుగా అమ్మ అందరికీ ఒకటే మాట చెప్పుకొచ్చింది: బాత్రూంలో కాలు జారింది, కుళాయి తగిలింది. పళ్ళ డాక్టరుకు అదే చెప్పింది, చుట్టుపక్కలవాళ్ళకు అదే చెప్పింది, కుట్టు సెంటరులో పక్క మిషను మీద ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషికీ అదే చెప్పింది. చెప్పగా చెప్పగా అది నిజం కన్నా గట్టిపడింది. దాన్ని ఈయన ఒక్క ఊపులో పీకి పారేశాడు.

"అలాంటి మనిషి!" పాస్టరు గారి గొంతు లేచింది. "చివరి వారంలో ప్రభువును ఒప్పుకున్నాడు. ఒక్క మాట! ఆ ఒక్క మాటతో మొత్తం కడిగేయబడింది. కొంతమంది అంటారు, చచ్చాక ఇంకో స్థలం ఉందట. ఉత్తరించు స్థలమట. అక్కడ మంటల్లో వేసి మిగిలిన మురికి వదలగొడతారట. ఇక్కడ మనం పూజలు చేయిస్తే బయటికి తొందరగా వస్తారట. నేనడుగుతున్నాను! ప్రభువు రక్తం కడిగాక ఇంకా మరక మిగులుతుందా? మిగిలిందంటే ఆ రక్తాన్ని అవమానించినట్టు కాదా? మన సహోదరుడు ఇవాళ ఎక్కడున్నాడు?"

"పరలోకంలో!" అంది హాలు.

"గట్టిగా!"

"పరలోకంలో!"

చప్పట్లు మోగాయి. ఆ సంఘంలోనే చేరిన పెద్దపాప తమ్ముడు, మైకుల పెట్టె పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. పెద్దపాపకు మాత్రం జనమంతా అమ్మ పళ్ళు ఊడినందుకే చప్పట్లు కొడుతున్నట్టు వినిపించింది.

నాన్న జ్ఞాపక కూటం అయ్యాక ఆడవాళ్ళు అమ్మ చుట్టూ మూగారు. "ఎంత సాక్ష్యమమ్మా! మీరు పడ్డ కష్టం వృథా పోలేదు" అంటూ ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని ఊపారు. కుడిచెయ్యి నోటిమీదే ఉంది. అమ్మ అందరికీ తల ఊపింది. బయటికొచ్చాక ఇంటిదాకా ఆవిడ అన్నది ఒకే మాట.

"తాళం నీ దగ్గరే ఉందిగా?"

*

సోమవారం మధ్యాహ్నం తమ్ముడు ల్యాబుకు వచ్చాడు.

కట్టుడు పళ్ళు చేసే ల్యాబు అది. డాక్టర్లు పంపిన నోటి అచ్చులు బల్ల మీద వరసగా ఉంటాయి. వాటిలో తెల్ల ప్లాస్టరు పోసి దవడ బొమ్మ తీస్తారు. దాని మీద గులాబీ మైనం పరిచి పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతారు. పెద్దపాప ఆ సమయంలో ఎవరో పెద్దాయన పైవరస పళ్ళకట్టును తిరిగే చక్రానికి ఆనించి అంచులు అరగదీస్తోంది. చెవుల్లో హోరు, ముక్కుకు గుడ్డ, కనుబొమ్మల మీద గులాబీ పొడి. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీ చొక్కాలోనే ఉన్నాడు. పనిముట్ల సంచి కింద పెట్టి, చక్రం ఆగుతుందేమోనని నిలబడ్డాడు.

ఆమె ఆపలేదు. చివరికి అతనే స్విచ్చు నొక్కాడు.

"అక్కా, గురువారం అమ్మ మీ కేథలిక్ చర్చిలో నాన్న కోసం పూజ చెప్పించిందట. అది ఆపించు."

"నువ్వే చెప్పుకో."

"నా మాట వినదు. నువ్వు చెబితే వింటుంది. నాన్న పరలోకంలో ఉన్నాడని నిన్న అంతమంది ముందు సాక్ష్యం చెప్పాం. నాలుగు రోజులు తిరక్కుండా అమ్మ వెళ్ళి ఆయన కోసం పూజ చేయిస్తే ఏమనుకోవాలి? ఇంకా మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉన్నాడని మనమే చాటినట్టు కాదూ? అసలా స్థలం ఉందని లేఖనంలో ఎక్కడుంది?"

ఆమె ముక్కుకున్న గుడ్డ కిందికి లాగింది. "మైకులో ఆ మాట చెప్పమని ఎవరన్నారు?"

"ఏ మాట?"

ఏ మాటో వాడికి నిజంగానే తెలియలేదు. అది చూశాక ఆమెకు ఒళ్ళు భగ్గుమంది.

"పళ్ళ మాటరా!"

"అదా... అది నాన్న ఒప్పుకోలక్కా. దాచాల్సిన పనేముంది? నాన్న ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను మంచం దగ్గరే ఉన్నాను."

"ఎవరి దగ్గర ఏడ్చాడు?"

"పాస్టరు గారి దగ్గర. దేవుడి దగ్గర."

"ఊడినవి దేవుడి పళ్ళా?"

పక్క బల్ల దగ్గర మైనం కరిగిస్తున్న పిల్ల దీపం చిన్నది చేసి, ఏదో పని ఉన్నట్టు లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"దేవుడు క్షమించాడక్కా" అన్నాడు అతను. "దేవుడే క్షమించాక మనమెవరం?"

"మనమెవరమా? దెబ్బలు తిన్నవాళ్ళం! కొట్టింది అమ్మను, తిట్టింది అమ్మను, చెప్పులతో తరిమింది అమ్మను. సారీ చెప్పింది మాత్రం ఇంకెవరికో. ఆ ఇంకెవరో సరేలే పో అన్నాడు. అయిపోయింది, మీరంతా చప్పట్లు కొట్టేశారు. ఇదేం లెక్కరా? ఎవరు పెట్టారు ఈ లెక్క?"

"నీకేం కావాలో నాకు తెలుసు. నాన్న కాలాలి. అంతేగా?"

"అవును" అంది ఆమె. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది, అంత తేలిగ్గా వచ్చిందా మాట. "అవును. ఆ స్థలం ఉండాలి. నేను చర్చికెళ్ళినా వెళ్ళకపోయినా, జపమాల తిప్పినా తిప్పకపోయినా అది మాత్రం ఉండి తీరాలి. నువ్వొచ్చి అది లేదంటే నేనొప్పుకోను."

తమ్ముడు సంచి భుజానికేసుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నాన్న ఒళ్ళు తుడిచింది నేను. చెయ్యెత్తితే చర్మం నా చేతికొచ్చేది. ఎముకలు తప్ప ఏం లేదు. ఇంకా కాల్చడానికి అక్కడేముందక్కా?"

అతను వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ చక్రం తిప్పి, పళ్ళకట్టును దానికేసి అదిమింది. అదమాల్సిన దానికన్నా గట్టిగా అదిమింది. ముందుపన్ను ఒకటి టప్పుమని విరిగి గోడకు తగిలింది. ఆమె దాన్ని వెతికి తీసి, బల్ల మీద పెట్టుకుని, పొద్దుపోయేదాకా పెద్దాయన పైవరస మొత్తం మళ్ళీ మొదటినుంచి చేసింది.

*

మంగళవారం ఆమె ఇంటికొచ్చేసరికి అమ్మ కుట్టు సెంటరుకు వెళ్ళకుండా ఇంట్లోనే ఉంది. నాన్న మంచాన్ని వసారాలోకి లాగి, దాని పట్టీలన్నీ విప్పి సబ్బునీళ్ళతో రుద్దుతోంది. సెంటరులో పక్క మిషను ఆవిడ గడపమీద కూర్చుని ఉంది. ఆసుపత్రి దుప్పట్ల అంచులు కలిసి కుట్టిన స్నేహం వాళ్ళది.

"ఇన్నేళ్ళూ నాక్కూడా చెప్పలేదేమిటొదినా!" అంటోంది ఆవిడ. "కుళాయి కుళాయి అంటే నమ్మాను. మా కోడలు ఆ కూటానికెళ్ళి వచ్చి చెబితే నమ్మలేదు. నీ మీద ఒట్టు, రాత్రంతా నిద్రపట్టలేదు. నాతో చెబితే నేనేమన్నా ఊరంతా టముకు వేసేదాన్నా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నొచ్చుకోవడమే ఉంది. అదే అమ్మకు ఎక్కువ తగిలినట్టుంది. రుద్దుతున్న చెయ్యి ఆపకుండా "మంచినీళ్ళు తాగుతావా" అని అడిగింది. ఆవిడ తాగింది. కాసేపు కూర్చుని, ఇంకేం అడగాలో తెలియక లేచి వెళ్ళిపోయింది.

"సెంటరుకు వారం సెలవు పెడతాను" అంది అమ్మ, బకెట్లో గుడ్డ పిండుతూ.

పెద్దపాప చేతిసంచి విసురుగా కుర్చీలో పడేసింది. "నువ్వెందుకు పెట్టాలి సెలవు? తప్పు చేసింది నువ్వా? దాక్కోవాల్సింది నువ్వా?"

"మంచం ఎండబెట్టాలి. ఆ కొస పట్టుకో."

ఇద్దరూ మంచాన్ని గోడకు నిలబెట్టారు. అమ్మ నడుం పట్టుకుని కాసేపు నిలబడింది.

"గురువారం పూజ ఆరున్నరకా, ఏడుకా?"

"ఎందుకమ్మా ఆ పూజ?" పెద్దపాప గొంతు చించుకుంది. "ఎవడి కోసం? ఆయన అక్కడ రెండు రోజులు కూడా ఉండకూడదా? ఇక్కడ నలభై నాలుగేళ్ళు నువ్వుండలేదూ?"

అమ్మ తడిచేతులు తుడుచుకుంది.

"నన్ను అడుగుతున్నావా, నాతో పోట్లాడుతున్నావా?"

"పోట్లాడుతున్నాను."

"అయితే తర్వాత మాట్లాడదాం" అని ఆవిడ బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత పెద్దపాప అడగలేదు. అన్నం తిన్నప్పుడు అడగలేదు, దీపం ఆర్పేముందూ అడగలేదు. ఆమెకు సమాధానం తెలుసు. అమ్మ ఎప్పుడూ ఇంతే. ఆయన చొక్కా గుండీ ఊడితే తిట్లు తింటూనే కుట్టింది. ఇప్పుడు ఆయనకు పైన ఏదో ఊడితే అదీ కుట్టిపెడుతుంది. ఈవిడ చేసే ఈ చాకిరీని ఎవరో ఒకరు ఆపాలి. అంతే.

*

బుధవారం పని మధ్యలో ఒక గంట అనుమతి తీసుకుని ఆమె చర్చి వెనక ఫాదర్ గారి గదికి వెళ్ళింది. ఆయన యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో కట్టుకుంటున్నాడు. ఆమెను చూసి కూర్చోమన్నాడు. ముందున్న పుస్తకంలో ఏ రోజు పూజ ఎవరి కోసమో వరసగా రాసి ఉంది. గురువారం కింద మూడో పేరు నాన్నది.

"ఫాదర్ గారూ, ఒకటడుగుతాను. ఆ స్థలం ఉందా, లేదా?"

ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాడు. "ఉందని మన నమ్మకం. మీ తమ్ముడు వెళ్ళే సంఘంవాళ్ళు లేదంటారు. నేను వాళ్ళతో వాదన పెట్టుకోను. కానీ అది జైలు కాదమ్మా. దేవుడు క్షమించేశాడు, అందులో అనుమానం లేదు. అయితే క్షమాపణ దొరికినంత మాత్రాన మనిషి బాగుపడిపోడు కదా. చెడు అలవాటు ఒంట్లో మిగిలే ఉంటుంది. అది పోవడానికి నొప్పి ఉంటుంది. మనం ఇక్కడ ప్రార్థన చేస్తే ఆ నొప్పిలో తోడున్నట్టు."

"తోడు ఎవరుండాలి?"

"ఎవరైనా ఉండొచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళు. మీ అమ్మగారు తాను పడ్డ బాధంతా ఆయన ఆత్మ కోసం అర్పిస్తే అంతకన్నా గొప్ప ప్రార్థన లేదు."

పెద్దపాప కుర్చీలోంచి లేచింది.

"బతికున్నన్నాళ్ళూ ఆయన వాంతులెత్తిపోసింది అమ్మే. ఇప్పుడు ఆయన ఆత్మ కూడా ఈవిడే కడగాలా? అక్కడ వాళ్ళేమో కడిగేశారు, అయిపోయింది, నోరుమూసుకోమంటారు. ఇక్కడ మీరేమో కడగాల్సింది ఇంకా ఉంది, చెంబు పట్టుకురమ్మంటారు. ఎటు తిప్పినా చాకిరీ ఈవిడదేనా? ఆయనకు చేతుల్లేవా?"

"అమ్మా, నా ఉద్దేశం..."

"మీకు తెలుసా ఏం జరిగిందో? కుళాయి కాదు. కుళాయి ఎప్పుడూ కాదు! అన్నం గిన్నె మూత పెట్టలేదని గిన్నెతోనే కొట్టాడు. నాకు పదహారేళ్ళు. నేలమీద వెతికి పళ్ళు రెండూ తీశాను. మళ్ళీ అతుకుతాయేమోనని గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి దాచాను. రెండు రోజులు దాచాను. మూడో రోజు ఆయనే ఆ గ్లాసు చూసి, నీళ్ళు మురిగాయని కాలవలో పారబోశాడు. దాంట్లో ఏముందో చూడను కూడా లేదు."

ఆమె ఆగలేదు. చీకట్లో అమ్మను బయట నిలబెట్టి తలుపేసిన రోజులు చెప్పింది. అమ్మ చెయ్యి విరిగితే ఆరువారాలు ఎడమచేత్తో మిషను తిప్పడం చెప్పింది. అమ్మ ఎవరికీ చెప్పనివి, తాను తలుపు సందులోంచి చూసినవి, అన్నీ ఆ చిన్నగదిలో కుమ్మరించింది. ఫాదర్ గారు ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక, "ఇవన్నీ తెలిస్తే ఆ మాట అనేవాణ్ణి కాదమ్మా. తొందరపడ్డాను" అన్నాడు.

"అయితే ఆ పేరు కొట్టేయండి."

"మీ అమ్మగారు వచ్చి రాయించారు."

"అమ్మే కొట్టేయించమంది."

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. ఆయన ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, పెన్ను మూత తీసి, మూడో పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

రోడ్డు మీదికొచ్చాక ఆమెకు ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఉండనీ. అక్కడే పడి ఉండనీ. ఎవరూ రాని చోట, ఎవరూ గుక్కెడు నీళ్ళివ్వని చోట. ఫోను తీసి తమ్ముడికి రెండు ముక్కలు పంపింది: పూజ ఆపించాను.

నిమిషంలో జవాబొచ్చింది. "దేవునికి స్తోత్రం. నువ్వు అర్థం చేసుకున్నావక్కా."

ఫోను రోడ్డుకేసి కొట్టాలనిపించింది.

*

గురువారం ఆమె లేచేసరికి అమ్మ తయారై కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది. చెప్పేద్దామని పెద్దపాప రెండుసార్లు నోరు తెరిచింది. అమ్మ చెప్పుల పట్టీ బిగించుకుంటుంటే ఒకసారి, గొళ్ళెం పెడుతుంటే ఒకసారి. కానీ పేరు చదవకపోతే ఏమవుతుందిలే, అమ్మకు వినపడలేదనుకుంటుంది, అని సర్దిచెప్పుకుంది.

చర్చి మెట్ల దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. అమ్మ ముందురోజు ఫోను చేసి పిలిచిందట. "లోపలికి రావొద్దులే, గుమ్మం దగ్గర నిలబడు చాలు, మీ నాన్న పూజ" అందట. అతను అక్కవైపు అయోమయంగా చూశాడు. ఆమె తల తిప్పుకుని లోపలికి నడిచింది.

మామూలు రోజు కాబట్టి పన్నెండు మంది కూడా లేరు. అమ్మ మూడో బల్లలో, మధ్యదారి పక్కన కూర్చుంది. విన్నపాల సమయమొచ్చింది. ఫాదర్ గారు దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని పుస్తకం చూశాడు. ఆపరేషను అయిన ఒక పాప కోసం. కిందటేడు పోయిన ఒక టీచరమ్మ ఆత్మశాంతి కోసం. ఒక్కో విన్నపానికీ ఆ పదిమందీ "ప్రభువా, మా మనవి వినండి" అన్నారు. ఆయన పుస్తకం మూసేశాడు.

అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది. మెడ కాస్త ముందుకు చాచి, వినపడని చెవి తప్పించి మంచి చెవి అటు తిప్పి కూర్చుంది. పుస్తకం మూసిన చప్పుడు విన్నాక ఆవిడ ఫాదర్ గారిని చూసింది. ఆయన ఓదార్పుగా తల ఊపాడు, మీరు చెప్పినట్టే చేశానన్నట్టు. ఆవిడ ఆ తల ఊపడాన్ని చూసి, అర్థం కాక, తర్వాత మెల్లగా కూతురివైపు తిరిగింది.

పెద్దపాప నేల పలకలు చూస్తోంది.

"ఇక మన మన మనసుల్లో ఉన్న విన్నపాలను మౌనంగా..." అంటున్నాడు ఫాదర్ గారు.

అమ్మ ముందు బల్ల పట్టుకుని లేచి నిలబడింది. అరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ చర్చిలో ఒంటరిగా గొంతెత్తింది లేదు. దగ్గి మొదలుపెట్టింది.

"ప్రభువా, నా భర్త కోసం."

అందరూ తిరిగి చూశారు.

"ఆయన్ని తొందరపెట్టొద్దు" అంది అమ్మ. "కుళాయని నేను చెప్పిన అబద్ధం నాది. అది నేను చూసుకుంటాను. మిగతావి ఆయనవి. తాగి చేశాడు, చాలా వాటికి గుర్తే ఉండేది కాదు, పొద్దున్నే లేచి కాఫీ అడిగేవాడు. ఒక్కొక్కటీ ఆయనకు గుర్తొచ్చేదాకా అక్కడే ఉంచు. అన్నీ గుర్తొచ్చాక అప్పుడు తీసుకో." కొంచెం ఆగింది. "తీసుకోకుండా మాత్రం ఉండకు."

ఆవిడ కూర్చుంది.

ఫాదర్ గారు బల్లపీట అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి, ఈ చర్చిలో వినపడాల్సింది కాని ఒక గొంతు, "ఆమెన్" అంది. తమ్ముడు. వాళ్ళ సంఘంలో ఎవరు ప్రార్థన ముగించినా అలా అనడం అలవాటు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే వెనక బల్లలో ముసలాయన "ప్రభువా, మా మనవి వినండి" అన్నాడు, మిగతావాళ్ళూ అందుకున్నారు.

పెద్దపాప ఒక్కతే అనలేదు.

*

బయటికొచ్చాక ముగ్గురూ మెట్ల పక్కన నిలబడ్డారు.

"అమ్మా, పోయినవాళ్ళ కోసం అలా ప్రార్థన చెయ్యకూడదు" అన్నాడు తమ్ముడు. గొంతులో బలం లేదు.

"చెయ్యొచ్చో చెయ్యకూడదో మీరే తేల్చుకోండి నాన్నా. నేను చేసేశాను."

"నాన్న పరలోకంలో ఉన్నాడమ్మా. అన్నీ పోయాయి. ఇంక ఏదీ లేదు."

"ఉంటే మంచిదేగా. అక్కడే కూర్చుని గుర్తుతెచ్చుకోమను. చోటు గురించి నాకు పేచీ లేదు."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మొహం అటు తిప్పుకున్నాడు. అమ్మ కూతురివైపు తిరిగింది.

"నా పేరు చెప్పి కొట్టేయించావా?"

"నీ కోసమేనమ్మా! ఇంకా ఆయనకు నువ్వు చాకిరీ చేస్తుంటే చూడలేక..."

"ఫాదర్ గారికి ఏం చెప్పావు?"

పెద్దపాప చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంది.

"అన్నీ చెప్పావు కదూ? ఆయన చూపులోనే తెలిసింది." అమ్మ గొంతు మారింది. ఇన్నాళ్ళలో కూతురు ఎన్నడూ వినని కోపమది, సన్నగా, పదునుగా ఉంది. "మీ నాన్న నా సంగతి పాస్టరు గారికి అప్పజెప్పాడు. ఆయన మైకుకు అప్పజెప్పాడు. నువ్వు ఫాదర్ గారి ముందు కుమ్మరించావు. వాళ్ళు దేవుడి మహిమ కోసమన్నారు, నువ్వు నా కోసమన్నావు. నన్ను అడిగిందెవరు? ఒక్కరు? నా నోటితో తలా ఒకరు మాట్లాడుతుంటే నాకు నోరెక్కడ మిగిలిందే?"

"నిన్ను అడిగాను కదమ్మా, మంగళవారం..."

"పోట్లాడుతున్నానన్నావు."

పెద్దపాపకు చెంపదెబ్బ తిన్నట్టయింది. నాలుగు రోజులుగా లోపల మండుతున్నది విసరడానికి ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు.

అమ్మ మెట్టుమీద కూర్చుంది. కోపం దిగాక ఒంట్లో ఓపిక లేనట్టు కూర్చుంది.

"ఆసుపత్రిలో ఆ రోజు గది బయట బల్లమీదే ఉన్నాను. సగం సగం వినపడింది. పాస్టరు గారికి అన్నీ చెప్పాడు. పోనీలే, నేను లోపలికెళ్ళాక నాతోనూ అంటాడనుకున్నాను. వెళ్ళాను. మంచినీళ్ళు అడిగాడు. తల పట్టుకుని తాగించాను. తాగుతూ నా మొహం చూశాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను. ఇంకో గుక్క అడిగాడు. అంతే." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇక్కడ అనలేదు. అనే చోటేదో ఒకటి ఉండొద్దా? అందుకు రాయించాను పూజ."

తమ్ముడు ఒక మెట్టు కింద, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"రేపూ వస్తావా?" అంది పెద్దపాప.

"వస్తాను. ఆయనకు గుర్తుచెయ్యాల్సినవి చాలా ఉన్నాయి. రోజుకొకటి చెప్పుకుంటాను."

"నేనూ రానా?"

అమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"రా. నీవి నువ్వు చెప్పుకో. నావి ముట్టుకోకు."

*

శుక్రవారం పెద్దపాప వెళ్ళింది. దారి పొడుగునా మనసులో వెతుక్కుంటూనే నడిచింది. తడిమిన ప్రతిదీ అమ్మదే. గిన్నె అమ్మది, విరిగిన చెయ్యి అమ్మది, తలుపు బయట నిలబడింది అమ్మ. వాటన్నిటినీ పక్కకు నెట్టి చూస్తే అడుగున తనదంటూ ఉన్నది ఒకటే. అంత కోపానికి అది చాలా చిన్నదిగా కనిపించింది. సిగ్గేసింది కూడా.

మౌనంగా ప్రార్థించమని ఫాదర్ గారు అన్నప్పుడు ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళు బల్లకు తగిలాయి.

"మా నాన్న కోసం" అంది. "నాకు తొమ్మిదేళ్ళు. వాన పడుతోంది. స్కూలు ముందు స్టాపులో నిలబడ్డాను, పక్కన మా క్లాసు పిల్లలున్నారు. నాన్న బస్సు వస్తుంటే అందరికీ చెప్పాను, మా నాన్నే నడుపుతాడు, ఆపుతాడు చూడండి అని. చెయ్యెత్తాను. ఆయన నన్ను చూశాడు. ఆపలేదు. నీళ్ళు మా మీద చిమ్మేసి వెళ్ళిపోయాడు." ముందు బల్ల అంచు పట్టుకుని మళ్ళీ అంది. "నన్ను చూశాడు ప్రభువా. చూసినట్టు ఆయనకు గుర్తుచెయ్యి."

"ప్రభువా, మా మనవి వినండి" అన్నారు వెనకవాళ్ళు.

ఆమె కూర్చుంది. పక్కన అమ్మ ఆమెవైపు పూర్తిగా తిరిగి, ఈ పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేమే" అంది మెల్లగా.